ఒక పాప, ఇద్దరు కోచ్‌లు

తిరుపతిలో ఏడో తరగతి పిల్లను, బడిలో చెప్పే లెక్కలు చాలడం లేదని సాయంత్రం ట్యూషన్‌కు పంపితే ఎవరూ తప్పు పట్టరు. అందుకు హెడ్‌మాస్టర్ అనుమతి అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. అదే పిల్ల జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటూ, ఉన్న కోచ్‌కు చెప్పకుండా ఆదివారాలు మరొకరి దగ్గరకు వెళ్తోందని తెలిస్తే మాత్రం హాల్లో వాతావరణం మారిపోతుంది. కోచ్ పలకరింపు ముక్తసరి అవుతుంది. తోటి తల్లులు బెంచీ మీద కాస్త జరిగి కూర్చుంటారు. జిల్లా జట్టు ఎంపిక నాటికి జాబితాలో పాప పేరు ఉంటుందో ఉండదోనని ఇంట్లో బెంగ మొదలవుతుంది. ఫీజు కట్టాం, వేళకు పంపుతున్నాం, ఇంకా ఈ ఆంక్షలేమిటని తల్లిదండ్రుల కోపం. నిలబడటం కూడా రాని పిల్లకు చేతుల మీద నిలబడటం నేర్పితే, చివరికి దక్కే గౌరవం ఇదా అని కోచ్ కోపం. రెండు కోపాల్లోనూ కొంత న్యాయం ఉంది. ఈ గొడవలో ఇద్దరూ మరిచిపోయేది పాప మణికట్టును.

ట్యూషన్‌తో పోలిక ఎక్కడ చెడుతుందో ముందు చూడాలి. ఒక లెక్కను బడిలో ఒక పద్ధతిలో, ట్యూషన్‌లో మరో పద్ధతిలో చెబితే పిల్ల రెండు రోజులు తికమకపడి, తనకు తేలికైనది పట్టుకుంటుంది. శరీరం అలా ఎంచుకోలేదు. రౌండ్ ఆఫ్ సంగతే తీసుకుందాం. పరుగెత్తుకుంటూ వచ్చి, ఒక చెయ్యి తర్వాత మరో చెయ్యి నేలకు ఆన్చి, గాల్లో రెండు కాళ్లూ కలిపి, వచ్చిన దిక్కుకే ముఖం తిప్పి దిగడం రౌండ్ ఆఫ్. పరుగు మీద వెనక్కి వేసే మొగ్గలకు చాలావరకు ముందు వేయించేది దీన్నే. కొందరు పిల్లలు కుడి చెయ్యి ముందు పెడతారు, కొందరు ఎడమ చెయ్యి. అప్పటికి అది చిన్న అలవాటే. రెండు మూడేళ్ల తర్వాత గాల్లో మెలిక తిరగడం నేర్పాల్సి వచ్చినప్పుడు, ఏ పక్కకు తిప్పించాలన్నది కోచ్ ఆ అలవాటునూ, పిల్ల సహజంగా మొగ్గే వైపునూ చూసి నిర్ణయిస్తారు. ఈ లోపు ఆదివారం కోచ్ మరో వైపు తిప్పించారనుకోండి. నేల మీద ఉన్నంతసేపు తేడా తెలియదు, గాల్లో తెలుస్తుంది. తాను ఎక్కడున్నానో శరీరానికి అంతు చిక్కకపోతే ఎంత ప్రమాదమో 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ చూపించింది. ఆ స్థాయి క్రీడాకారిణే పోటీ మధ్యలో తప్పుకోవాల్సి వచ్చింది. ఆమె ఇబ్బందికి ఇద్దరు కోచ్‌లు కారణం కాదు. గాల్లో దిక్కు తప్పడం ఎంత తీవ్రమైన విషయమో అర్థం కావడానికే ఆ ఉదాహరణ.

రెండోది కోచ్ చెయ్యి. బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి గెంతి చేతుల మీదుగా తిరిగి కాళ్ల మీద దిగే మొగ్గ) నేర్పేటప్పుడు కోచ్ పక్కన మోకాలి మీద కూర్చుని ఒక చెయ్యి పిల్ల నడుము కింద, ఇంకో చెయ్యి తొడ వెనక ఉంచుతారు. మొదట్లో ఆ చేతులే పిల్లను తిప్పుతాయి. కొన్ని వారాలకు ఆ చేతుల మీద పడే బరువు తగ్గుతుంది, తర్వాత చెయ్యి కేవలం తాకుతుంది, ఆ తర్వాత తాకినట్టే ఉంటుంది కాని తాకదు. ఈ తగ్గింపు ఎంతవరకు వచ్చిందో ఆ కోచ్‌కు తప్ప ఎవరికీ సరిగా తెలియదు, పిల్లకు అసలే తెలియదు. కొత్త కోచ్ దగ్గర నిలబడి “నాకు వచ్చు సార్” అంటుంది. అబద్ధం కాదు, తనకు వచ్చనే అనుకుంటోంది. కొత్త కోచ్ జాగ్రత్తపరులైతే మళ్లీ మొదటి నుంచి చేయించి చూస్తారు. గంటకు ఇంతని డబ్బు తీసుకుని, ఆ గంటలో ఏదో ఒకటి చూపించి పంపాలనుకునే మనిషైతే చూడరు.

ఇక శరీరం మోసే భారం. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. వారంలో ఆరు రోజులు, రోజుకు 20 బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌లు. ఆదివారం విడిగా మరో 40. ఇక్కడి కోచ్ లెక్కలో 120, అక్కడి కోచ్ లెక్కలో 40, మణికట్టు లెక్కలో 160. పైగా పోయింది విశ్రాంతి రోజు. ఈ ఆటలో చేతులు కాళ్ల పని చేస్తాయి, శరీర బరువుకు మించిన తాకిడి అరచేతుల మీదుగా మణికట్టుకు చేరుతుంది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లల ఎముక చివర్లలో ఇంకా పెరుగుతున్న మెత్తటి భాగం ఉంటుంది. ఎదిగిన ఎముకకు ఉండే గట్టితనం దానికి ఉండదు. అక్కడ పదేపదే ఒత్తిడి పడితే వాపు కనిపించకుండానే నొప్పి మొదలవుతుంది. పట్టించుకోకపోతే ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి ముందుగానే పెరగడం మానేసి, రెండోది దాన్ని దాటిపోయే ప్రమాదం ఉంది. నడుము సంగతీ అంతే. వెనక్కి వంగే విన్యాసాలు మోతాదు మించితే వెన్నుపూస వెనుక భాగంలో సన్నటి పగులు రావచ్చు. నొప్పి వచ్చినప్పుడు పిల్ల ఏ కోచ్‌కు చెబుతుంది? రెండో శిక్షణ రహస్యమైతే ఇద్దరికీ చెప్పదు. ఇక్కడి కోచ్‌కు చెబితే రహస్యం బయటపడుతుంది, అక్కడి కోచ్‌కు చెబితే ఇచ్చిన డబ్బు వృథా అవుతుందని అమ్మ బాధపడుతుంది. పదేళ్ల పిల్లకు ఈ లెక్కలన్నీ బాగానే తెలుసు.

అందుకే “ఇంకెక్కడైనా నేర్చుకుంటే నాకు చెప్పండి” అనే కోచ్ మాటను పెత్తనంగా తీసుకోకూడదు. “ఇంకెక్కడా నేర్చుకోకూడదు” అనేది వేరే మాట. దానికి కారణం అడగాలి. కారణం ఎముకలైతే వినాలి. “మా పద్ధతి ఇంతే” అన్నది మాత్రమే కారణమైతే, అక్కడ కాపాడుతున్నది ఫీజులనూ పరువునూ. ఆ రెండూ లెక్కలోకి రానివి కావు. చిన్న ఊళ్లో ఒక హాలు నడవాలంటే ఉన్న కొద్ది మంది పిల్లల ఫీజులే ఆధారం. పై స్థాయి పిల్లలు ఇద్దరు వెళ్లిపోతే, వాళ్లను చూసి చేరే చిన్న పిల్లలూ తగ్గుతారు. అయితే ఆ నష్టాన్ని నష్టమని చెప్పాలి గాని, పాప క్షేమం పేరు తగిలించకూడదు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ పేరు వినిపిస్తుంది. త్రిపురలోని అగర్తలాలో మొదట సోమా నంది దగ్గర, తర్వాత ఆమె భర్త విశ్వేశ్వర్ నంది దగ్గర నేర్చుకుని, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వాల్ట్‌లో (పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా గెంతే అంశం) కాంస్యం తెచ్చింది. 2016 రియో ఒలింపిక్స్‌లో 15.066తో నాలుగో స్థానంలో నిలిచింది. మూడో స్థానానికి తేడా 0.150. ఆ ఏడాదే నందికి ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. చూశారా, ఒక్క గురువును నమ్ముకుంటే ఎంత దూరం వెళ్లవచ్చో, అంటారు కోచ్‌లు. మాట నిజమే, కాని సగమే. మరో భారత జిమ్నాస్ట్ ప్రణతి నాయక్‌ను చాలా ఏళ్లు తీర్చిదిద్దింది మినారా బేగం. టోక్యో ఒలింపిక్స్ నాటికి ప్రణతి వెంట ఉన్న కోచ్ లఖన్ శర్మ. సిమోన్ బైల్స్‌కు చిన్నప్పటి నుంచి రియో దాకా ఎయిమీ బూర్మన్ కోచ్. ఆ తర్వాత లాండీ దంపతుల దగ్గర చేరి మళ్లీ ప్రపంచ విజేత అయింది. కోచ్ మారడం ఈ ఆటలో వింత కాదు, పాపమూ కాదు. అయితే ఈ ముగ్గురి కథల్లోనూ ఒక పోలిక ఉంది: ఏ కాలంలో చూసినా మొత్తం ప్రణాళిక ఒకేచోట ఉంది. పెద్ద జిమ్‌లలో బీమ్‌కు (సన్నటి దూలం) ఒకరు, బార్స్‌కు (పట్టుకుని ఊగే కడ్డీలు) ఒకరు, నృత్య కూర్పుకు ఒకరు ఉంటారు. వాళ్లందరూ ఒకే పట్టిక చూసి పని చేస్తారు. కోచ్‌ను మార్చడం, కోచ్‌ను చేర్చడం, చెప్పకుండా చేర్చడం — ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘విధేయత’ గురించి మాట్లాడటం వల్లే సగం రభస.

మరి బయటి శిక్షణ ఎందుకు కావాలనిపిస్తుంది? చాలా ఇళ్లలో దీనికి సూటిగా సమాధానం ఉండదు. పక్క పిల్లకు వచ్చిన విన్యాసం తమ పిల్లకు ఇంకా రాలేదన్నదే అసలు కారణం. ఇక్కడ మార్కుల లెక్క తెలిసి ఉంటే కొంత తొందర తగ్గుతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కష్టతకు ఒక స్కోరు, అమలుకు ఒక స్కోరు. బీమ్, బార్స్, ఫ్లోర్ మీద విన్యాసాల్లో అతి తేలికైనదానికి 0.1, ఆ పైదానికి 0.2, అలా పెరుగుతాయి. అమలు స్కోరు 10 నుంచి మొదలై, తప్పు చిన్నదైతే 0.1, మధ్యస్థమైతే 0.3, పెద్దదైతే 0.5 చొప్పున తగ్గుతుంది. పడిపోతే ఏకంగా 1.0 పోతుంది. 0.2 విలువైన కొత్త విన్యాసాన్ని ఆరు ఆదివారాల్లో హడావుడిగా నేర్పించి తెచ్చి, మోకాళ్లు వంగినందుకు 0.3, దిగేటప్పుడు తడబడినందుకు 0.1 పోగొట్టుకుంటే మిగిలేది నష్టమే. పడితే సరేసరి. బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు 1.25 మీటర్లు. అక్కడ “దాదాపు వచ్చింది” అన్న మాటకు విలువ లేదు. ఒలింపిక్ జట్టు ఫైనల్లో ఒక్కో పరికరం మీద ముగ్గురు దిగుతారు, ముగ్గురి స్కోరూ లెక్కలోకి వస్తుంది. ఒకరు పడితే ఆ పాయింటు అందరిదీ. జట్టు పట్ల బాధ్యత అంటే ఇదే. సొంత ఉబలాటంతో పచ్చిగా ఉన్న విన్యాసాన్ని పోటీకి తేకపోవడం, జట్టు సాధన ఉన్న రోజున వేరేచోట ఉండకపోవడం. ఇంతకు మించి కోచ్‌గారి మీద భక్తిని జట్టు పేరుతో అడిగితే అది జట్టు కోసం అడిగింది కాదు.

కొన్ని సార్లు లోటు నిజంగానే ఉంటుంది. బ్యాడ్మింటన్ నేర్పేవాళ్లు దొరికినంత సులువుగా జిమ్నాస్టిక్స్ నేర్పేవాళ్లు మన ఊళ్లలో దొరకరు. ఫ్లోర్ విన్యాసాలకే 12 మీటర్ల చదరం కావాలి, దాని కింద స్ప్రింగులు కావాలి, బార్స్‌కు ఎత్తైన కప్పు కావాలి. ఇవి లేకుండా సిమెంటు నేల మీద మ్యాట్లు పరిచి నేర్పే చోట, కోచ్ ఎంత మంచివారైనా ఒక హద్దు దాటి తీసుకెళ్లలేరు. వైద్యానికి వేలూరు, ఉద్యోగానికి బెంగళూరు వెళ్లడానికి అలవాటుపడ్డ చిత్తూరు కుటుంబాలకు శిక్షణ కోసం ఊరు దాటడం పెద్ద విషయంగా తోచదు. తిరుపతి నుంచి చెన్నై దాదాపు 140 కిలోమీటర్లు, చిత్తూరు నుంచి బెంగళూరు దాదాపు 180. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బస్సులో మూడు నాలుగు గంటలు ముడుచుకు కూర్చుని, దిగీ దిగగానే వెనక్కి వంగమంటే పిల్ల నడుము ఏమంటుందో ఆలోచించాలి. ఇలా వారం వారం తిప్పడం కంటే, కోచ్ సమ్మతితో వేసవి సెలవుల్లో రెండు మూడు వారాలు ఒకేచోట ఉంచడం మేలు. నురుగు ముక్కలతో నింపిన గుంత ఉన్న హాల్లో భయం తీరేలా కొత్తవి ప్రయత్నించి, తిరిగొచ్చాక ఇక్కడ వాటిని శుభ్రం చేసుకోవచ్చు.

ఈ మధ్య మరో రకం బయటి శిక్షణ మొదలైంది. ఫోనులో వీడియో తీసి దూరాన ఉన్న కోచ్‌కు పంపడం, వాళ్లు సలహాలు పంపడం. భుజాలు తెరుచుకోవడం లేదు, కాళ్లు విడిపోతున్నాయి వంటి దిద్దుబాట్లకు ఇది బాగానే పనికొస్తుంది. ఆ సలహా పట్టుకుని మేడ మీద పరుపు వేసి నాన్నే పక్కన నిలబడి మొగ్గలు వేయించడం మొదలైతే మాత్రం ఆపాలి. నాన్న ప్రేమకు కొదవ లేదు గాని, నడుము కింద చెయ్యి ఏ క్షణాన పెట్టాలో ఆయనకు తెలియదు.

తిరుపతిలో అందరికీ అందుబాటులో ఉన్న బయటి సాయం ఒకటుంది, దాన్ని ఎవరూ బయటి శిక్షణ అనుకోరు. అది నాట్యం. ఈ ఊళ్లో వీధికో నాట్య గురువు ఉంటారంటే అతిశయోక్తి కొంచెమే. జిమ్నాస్టిక్స్ నేర్చే ఆడపిల్లల్లో చాలామంది ఏదో ఒక వయసులో కూచిపూడో భరతనాట్యమో మొదలుపెట్టినవాళ్లే. ఆడపిల్లల ఫ్లోర్ విన్యాసం గరిష్ఠంగా 90 సెకన్లు, సంగీతంతో సాగుతుంది, అందులో నాట్యపు ఒడుపు కూడా మార్కుల్లోకి వస్తుంది. తాళజ్ఞానం, చూపు, చేతుల కదలిక, వేదిక భయం లేకపోవడం — నాట్యం నేర్చిన పిల్లకు ఇవన్నీ ముందే ఉంటాయి. సంగీతంలో సాహిత్యం ఉండకూడదన్నది నిబంధన, కాబట్టి కీర్తన వాడుకోవాలన్నా వీణ మీదో వేణువు మీదో పలికించాల్సిందే. వినడానికి అదీ బాగానే ఉంటుంది.

అయితే ఇక్కడా రెండు చదువులు ఒకదాన్నొకటి తాకుతాయి. నాట్యానికి మూలం అరమండి. మోకాళ్లు పక్కలకు విచ్చుకుని వంగి ఉండాలి, పాదం నేలను చదునుగా, గట్టిగా తట్టాలి. జిమ్నాస్టిక్స్‌లో మోకాలు వంగితే మార్కు పోతుంది, గాల్లో పాదం వేళ్ల చివరిదాకా చాచి ఉండాలి. నాట్యంలో గురువు మెచ్చుకున్న కాలుకే ఇక్కడ జడ్జి మార్కు కోస్తారు. రోజూ రెండూ చేసే పిల్ల బీమ్ మీద గెంతినప్పుడు పాదం మడత పడి కనిపిస్తే అది అశ్రద్ధ కాదు, మరోచోట బాగా నేర్చుకున్న పాఠం. ఈ సంగతి తెలిసిన కోచ్ ముందుగానే పాదాల సాధన పెంచుతారు. నాట్య ప్రదర్శన ఉన్న వారంలో గెంతులు తగ్గిస్తారు, ఎందుకంటే ఆ వారం మడమలు అప్పటికే అరిగి ఉంటాయి. తెలియని కోచ్ “ఎన్నిసార్లు చెప్పాలి” అని విసుక్కుంటారు. నాట్యం సంగతి తల్లి దాచాల్సిన పని లేదు కాబట్టి చెబుతుంది, చెప్పింది కాబట్టి సర్దుబాటు కుదురుతుంది. రెండో కోచ్ విషయంలో దాపరికం వల్ల పోతున్నది ఈ సర్దుబాటే.

విధేయతను మరీ పైకెత్తితే ఏమవుతుందో చెప్పే చరిత్రా ఈ ఆటకు ఉంది. అమెరికా జాతీయ జట్టు ఏళ్ల తరబడి సాధన చేసిన టెక్సస్‌లోని కరోయీ శిబిరంలోకి తల్లిదండ్రులకు ప్రవేశం ఉండేది కాదు. జట్టు వైద్యుడు లారీ నాసర్ అక్కడా పిల్లలను లైంగికంగా హింసించాడు. 2018లో అతనికి దశాబ్దాల జైలు శిక్ష పడేదాకా ఎందరో గొంతులు వినిపించలేదు. బ్రిటన్‌లో ఈ ఆట మీద న్యాయవాది ఆన్ వైట్ జరిపిన విచారణకు 400కు పైగా వాంగ్మూలాలు వచ్చాయి. 2022లో వెలువడిన ఆ నివేదిక శారీరక, మానసిక వేధింపులు ఆ ఆట వ్యవస్థలోనే పాతుకుపోయాయని తేల్చింది. మన హాళ్లన్నీ అలాంటివని కాదు. తలుపులు వేసి నేర్పే చోట, అడిగితే కోపగించే చోట, పిల్ల బరువు గురించి అందరి ముందూ ఎగతాళి చేసే చోట, ఏడుస్తున్నా కాళ్లు బలవంతంగా చాపించే చోట విధేయత ప్రశ్నే రాదు. అక్కడ రెండో కోచ్ కోసం వెతకడం కూడా తప్పు మందు. పిల్లను ఆ హాలు నుంచి తీసేయడమే మందు. ఇదే కొలత బయటి కోచ్‌కూ వర్తిస్తుంది. పెద్దవాళ్లెవరూ లేని గదిలో ఒంటరిగా ఒక పిల్లకు నేర్పుతానంటే ఎంత పేరున్న కోచ్‌కైనా ఒప్పుకోకూడదు.

ఇంతకీ చెప్పడం ఎలా? మొహమాటం ఎక్కువైన చోట ఇదే కష్టం. సాధన మధ్యలో, నలుగురి ముందు, లేదా వాట్సాప్ సందేశంలో చెప్పే విషయం కాదిది. హాలు ఖాళీ అయ్యాక, పిల్లను పక్కకు పంపి, “సార్, బార్స్ మీద పాప ఆర్నెల్లుగా కిప్ (కడ్డీ పట్టుకుని ఊగి పైకి లేవడం) దగ్గరే ఆగిపోయింది. మీరు ఒప్పుకుంటే వేసవిలో మూడు వారాలు వేరేచోట చూపిద్దామనుకుంటున్నాం. ఏమేం చేయించాలో, ఏం చేయించకూడదో మీరే చెప్పండి” అంటే, చాలామంది కోచ్‌లు మొదట ముఖం ముడుచుకున్నా తర్వాత ఒప్పుకుంటారు. భుజబలం లేకనే కిప్ రావడం లేదనో, బయటికి వెళ్లక్కర్లేదు, రోజూ పది నిమిషాలు ముందు వస్తే చాలుననో చెప్పే అవకాశం కూడా అప్పుడే వస్తుంది. సగం ప్రయాణాల అవసరం అక్కడే తీరిపోతుంది. బయటి కోచ్‌కూ షరతు ముందే చెప్పాలి: పాప ఫలానావారి శిష్యురాలు, ఇక్కడ చేసినదంతా వారికి తెలుస్తుంది, వారిని అడగకుండా మెలికలు నేర్పవద్దు. పాప ఫోటో పెట్టి “మా శిష్యురాలు” అని రాసుకోవద్దన్న మాట కూడా అప్పుడే చెబితే మంచిది. చిల్లర విషయంలా కనిపిస్తుంది గాని, ఏళ్ల తరబడి నేర్పిన మనిషికి అన్నిటికంటే గుచ్చుకునేది అదే.

చెప్పినా ఒప్పుకోని కోచ్ ఉంటారు. ఊళ్లో వేరే హాలు లేదు, ఆ కోచ్‌కే జిల్లా సంఘంలోనూ మాట చెల్లుబాటు ఉంది, క్రీడా కోటాకు కావలసిన ధ్రువపత్రాలు ఆ దారిలోనే రావాలి. ఈ స్థితిలో తల్లిదండ్రులు దొంగచాటుకు దిగడం అర్థం చేసుకోదగినదే. కాని భారమంతా పిల్ల మీద పడుతుంది, హాల్లో నోరు జారకుండా చూసుకోవాల్సింది తనే. పైగా అది దాగదు, తోటి పిల్లలకు వారంలో తెలిసిపోతుంది. తేల్చుకోదలిస్తే పూర్తిగా మారడమే తక్కువ చెడు. మారే వేళ ముఖ్యం. పోటీకి నెల ముందు జట్టును వదిలితే మిగతా పిల్లలకు అన్యాయం, పోటీ ముగిసి విద్యా సంవత్సరం తిరిగే చోట వదిలితే ఎవరూ వేలెత్తి చూపలేరు. వెళ్లే ముందు గత పోటీల ధ్రువపత్రాలు, జనన తేదీ పత్రం, రిజిస్ట్రేషన్ వివరాలు చేతికి తీసుకోవాలి. కొత్త ఊళ్లో నేర్చుకున్నా బడి ఇక్కడే ఉంటే పాఠశాల క్రీడల్లో పిల్ల ఏ జిల్లా తరఫున దిగుతుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఇవన్నీ ఎనిమిదో తరగతిలోపు జరగాల్సిన పనులు. తొమ్మిదిలోకి వచ్చేసరికి ఫౌండేషన్ కోర్సు సాయంత్రం బ్యాచ్ మొదలవుతుంది, అప్పుడు పాప కోసం పోటీపడే కోచ్‌ల జాబితాలో లెక్కల మాస్టారు కూడా చేరతారు, ఆయన మాత్రం ఎవరి అనుమతీ అడగరు.